ఎడమ మణికట్టు

ఆ సోమవారం ఉదయం పావు తక్కువ తొమ్మిదికి పనిగదిలో హాజరైనవారు, నిలబడిన వరుసలో, వీరు: అందరికన్నా ముందు, గోడమీది ఫలకం పక్కన, మేనేజరు గారు, ఆయనకు కుడివైపున, మోచేతుల దాకా తెల్లని పూత ఆరిపోయిన చేతులతో, అచ్చులు పోసే సున్నం బావ, ఆ తరువాత, సాకెట్ల లోపలి గోడలు నునుపు చేసే నునుపక్క, ఆమె పక్కన, నోట్లో సూది పట్టుకొని కూడా ధారాళంగా మాట్లాడగల బెల్టుల వదిన, చిట్టచివర, ప్యాకింగు గది గడప మీద సగం లోపల, సగం బయట, నత్త. కిటికీ కింద ఉన్న ఎత్తుపీట ఖాళీగా ఉంది. పెద్దమేస్త్రి పోయి ఎనిమిది నెలలైనా దాని మీద ఇంతవరకు ఎవరూ కూర్చోలేదు. ఎవరూ చెప్పకపోయినా, ఆ వరుసలోని ప్రతివారూ దానికి ఎదురు పడకుండా కాస్త పక్కకు తిరిగే నిలబడ్డారు.

అది కాళ్ళు తయారయ్యే చోటు. తెగిన కాలికి అచ్చు తీసి, వేడి చేసిన ప్లాస్టిక్ పలకను ఆ అచ్చు మీద బిగించి, చల్లారాక కోస్తే, కాలు కూర్చునే గుల్ల ఒకటి వస్తుంది. దానినే వారు సాకెట్ అంటారు. దానిని నునుపు చేసి, బెల్టులు కుట్టి, అడుగున గొట్టమూ పాదమూ బిగించి పంపిస్తే, ఎక్కడో ఒక మనిషి లేచి నిలబడతాడు.

"మూడు నెలల కిందట ఇక్కడ ఎలా ఉండేదో గుర్తుందా?" అన్నారు మేనేజరు గారు. ఆయన చెడ్డవారు కారు. చెప్పే మాటను మనస్ఫూర్తిగా నమ్మి చెప్పే మనిషి. "తలెత్తేవాళ్ళు లేరు, నవ్వేవాళ్ళు లేరు. ఇప్పుడు చూడండి, పూర్తయిన పనికొక చుక్క చొప్పున ఫలకం నిండా చుక్కలే! పనిలో మనసు పెట్టడమంటే ఇదీ. వచ్చే సోమవారంతో లెక్క ముగుస్తుంది. మొదట ఉన్నవారికి పెద్దమేస్త్రి గారి స్థానం ఇస్తాం. ఇప్పటికైతే అది మన అక్కగారిదే."

వదిన నోట్లోంచి సూది తీసి మరీ చప్పట్లు కొట్టింది.

"ఇక చివర ఉన్నవారికి..." ఆయన గడప వైపు చూసి గొంతు తగ్గించారు. "గోదాములో పని చూస్తాం. అక్కడ తొందర ఉండదు."

"తొందర లేకపోతే మావాడికి స్వర్గమే సార్," అన్నాడు సున్నం బావ. "నత్తకి గోదామంటే ఏముంది, పెంకు కాస్త పెద్దదవుతుంది, అంతే."

అందరూ నవ్వారు. నత్త కూడా నవ్వాడు. కాని ఆ నవ్వు కూడా అందరి నవ్వులూ అయిపోయాక తీరిగ్గా వచ్చి చేరింది.

నునుపక్క నవ్వలేదు. ఆమె కళ్ళు ఫలకం మీద తన వరుసలో పోయిన గురువారం నాటి గడిలో అతికించి ఉన్న ఆరో చుక్క మీద ఉన్నాయి. పసుపుపచ్చని చుక్కలన్నింటిలోకీ అదొక్కటే తనవైపు చూస్తున్నట్లు ఆమెకు అనిపించింది.

సభ ముగిశాక ఆమె తన బల్ల దగ్గరకు వెళ్ళి గ్లౌజులు తొడుక్కుంది. గరుకు కాగితాన్ని మూడు వేళ్ళకు చుట్టి సాకెట్ లోపల గుండ్రంగా తిప్పసాగింది. పొడి లేచి కిటికీ వెలుగులో తేలింది. పని పూర్తయ్యాక ఎడమచేతి గ్లౌజు లాగేసి, చొక్కా చేతిని పైకి మడిచి, మణికట్టు లోపలివైపు చర్మాన్ని సాకెట్ గోడకు ఆనించి, కళ్ళు మూసుకొని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పింది. చంటిపిల్ల పాల వెచ్చదనాన్ని తల్లి చూసుకునే చోటు అది. "వేళ్ళు పని చేసి చేసి కాయలు కాశాయి, వాటి మాట నమ్మొద్దు," అనేవాడు పెద్దమేస్త్రి. "మణికట్టు ఇంకా ఏ పనీ చెయ్యలేదు. దాన్నడగండి, నిజం చెబుతుంది." ఆ తరువాత ఆయన సాకెట్‌ను చెవి దగ్గర పెట్టుకొని వేలి కణుపుతో తట్టేవాడు. పక్కన రెండుసార్లు, కాసేపు ఆగి, అడుగున ఒకసారి. లోపల ఎక్కడైనా గాలి బుడగ ఉంటే మోత బొంగురుగా పలికేది.

గురువారం సాయంత్రం నునుపక్క మణికట్టును అడగలేదు. గంట కొట్టడానికి పది నిమిషాలున్నాయి. ఆ రోజుకు అయిదేసి చుక్కలతో ఆమె, బావ సమానంగా ఉన్నారు. గ్లౌజు లోపలి బొటనవేలికి వెనుక అంచు దగ్గర ఇసుక రేణువంత ఏదో తగిలింది. తగిలిందా? తగల్లేదు, అనుకొన్నది. సాకెట్‌ను పక్కకు పెట్టి ఆరో చుక్క అతికించుకొన్నది. దానికి కట్టి ఉన్న చీటీలో ఉన్న మాటలు మాత్రం ఎంత తోసేసినా మనసులోంచి పోవడం లేదు: స్త్రీ, యాభై ఒకటి, కుడికాలు, మోకాలి కింద, ఇస్త్రీ పని. రోజంతా నిలబడి చేసే పని. ఇసుక రేణువంత గరుకు వారం రోజుల్లో పుండవుతుంది. నెల తిరిగేసరికి ఆ పుండు ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. అందుకే చాలామంది ఆ గదికి రెండోసారి వచ్చేది, కాలు ఇంకొంచెం పైకి తెగి.

శనివారమే ఆ కాలు వెళ్ళిపోయింది.

*

భోజనాల గది ముంగిలికి అవతలివైపు ఉంది. మంగళవారం మధ్యాహ్నం నునుపక్క, బావ, వదిన ముగ్గురూ క్యారియర్లు విప్పుకొని కూర్చున్నారు. వదిన చేతిలోని ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"విన్నావా?"

"ఏమిటి?" అన్నది నునుపక్క, వినిపించినా.

"అదే. మళ్ళీ."

తట్టు, తట్టు. కాసేపు ఏమీ లేదు. తట్టు.

పనిగది కిటికీలోంచే వస్తున్నది ఆ చప్పుడు. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు. దీపాలు కూడా ఆర్పి వచ్చారు. ఆ చప్పుడు మొదలై ఇరవై రోజులు దాటింది. మొదట్లో ముగ్గురూ విననట్లు నటించారు. తరువాత ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు.

"గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది," అన్నాడు బావ.

"గాలికి లెక్కలు కూడా వచ్చా బావా? రెండు కొట్టి, ఆగి, ఒకటి కొడుతుందా?"

"అయితే నత్తగాడు అయ్యుంటాడు. ఇంకా భోజనానికి రాలేదుగా."

"అతనికి చేతులు కడుక్కోవడానికే అరగంట పడుతుంది. ఒకటి తట్టి రెండోది తట్టేలోపు మనకి సాయంత్రమవుతుంది," అన్నది వదిన. అలా అన్నందుకైనా నవ్వు రావాలి కదా అని ఎదురుచూసింది. రాలేదు. "నేనైతే ఒకటే అనుకుంటున్నా. ఆ పీట ఇంకొకరికి ఇస్తున్నారు కదా, పోయిన ఆయనకి నచ్చలేదు."

బావ క్యారియరు మూత గట్టిగా బిగించాడు. "వదినా, తిండి దగ్గర ఆ మాటలెందుకు? వెళ్ళి చూసి రారాదూ, అంత ధైర్యముంటే?"

ఎవరూ లేవలేదు. నునుపక్క చేతిలోని ముద్దను తిరిగి క్యారియరులో పెట్టేసింది. పీట ఇచ్చేది తనకే. ఆ తట్టడంలో కోపమేమీ లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. పని చేస్తున్న మనిషి తట్టినట్లు, ఓపికగా, ఒకదాని తరువాత ఒకటిగా, దేనికోసమో వెతుకుతున్నట్లుగా ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో అంట్లు తోముతూ ఆమె ప్రతి చెంబులోనూ, ప్రతి గిన్నెలోనూ ఎడమ మణికట్టును దూర్చి ఒక చుట్టు తిప్పుతున్నది. తనకే తెలియదు. మోకాలికి కాపడం పెట్టుకుంటూ గోడకు ఆనుకొని కూర్చున్న అత్తగారు చాలాసేపు చూసింది.

"ఏమిటే, గిన్నెలకి నాడి చూస్తున్నావా?"

నునుపక్క చెయ్యి బయటకు తీసింది. "ఒక పని సరిగా చెయ్యలేదు అత్తయ్యా."

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"ఎవరైనా అడిగారా?"

"మెచ్చుకున్నారు. మేస్త్రి పని ఇస్తారట."

అత్తగారు కాపడం గుడ్డను విప్పి, మళ్ళీ మడిచి, ఇంకోవైపు పెట్టుకొన్నది. "చూసినవాళ్ళుంటే నాలుగు చీవాట్లు పెట్టి వదిలేసేవాళ్ళే. ఎవరూ చూడలేదు, అందుకే నిన్ను వదలడం లేదు. దూరమా ఆ ఇల్లు?"

"ఏ ఇల్లు?"

"ఆ కాలు ఉన్న ఇల్లు. మూడు రోజులనుంచి నిద్దట్లో కుడికాలు, కుడికాలు అంటున్నావటగా, మా అబ్బాయి చెప్పాడు. వెళ్ళి చూసి రా. వంట సంగతి నేను చూసుకుంటాలే. ఉప్పెక్కువైతే తిట్టుకోకండి."

*

బుధవారం పని ముగిశాక, ఇంకా ఎండ ఉండగానే, ఆమె ఆ చీటీలో చదివిన చిరునామాకు వెళ్ళింది. వీధిలోకి తెరుచుకొనే ఒంటి గది. గదిలో సగం బల్లే. ఇస్త్రీ ఆవిడ బల్ల వెనుక నిలబడి ఒక చొక్కా కాలరును తిరగేసి, ముందు లోపలివైపు రుద్దుతున్నది. నునుపక్క ఆమె ముఖం చూడలేదు. బల్ల కింద ఆమె బరువు ఏ కాలి మీద ఉన్నదో చూసింది. రెండింటి మీదా సమానంగా ఉంది. నమ్మలేకపోయింది.

"కాళ్ళు చేసే చోటునుంచి వచ్చానండీ. మీ కాలు ఎలా ఉందో చూసి రమ్మన్నారు."

ఎవరూ రమ్మనలేదు.

"కాలా?" ఆవిడ ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి నవ్వింది. "దాని సంగతే మరిచిపోయానమ్మా. పాతది గంటకోసారి నేనున్నానని గుర్తుచేసేది. ఇది నోరు విప్పడం లేదు."

"ఒకసారి తీసి చూపిస్తారా?"

ఆవిడ పీట మీద కూర్చొని బెల్టు విప్పి కాలు తీసి ఇచ్చింది. నునుపక్క ముందు ఆవిడ మోకాలి వెనుక చూసింది. పాత కాలు చేసిన నల్లని మచ్చ ఉన్నది. కొత్త ఎరుపు ఎక్కడా లేదు. తరువాత చొక్కా చేతిని మడిచి మణికట్టును సాకెట్ లోపలికి పోనిచ్చింది. కళ్ళు మూసుకొన్నది. వెనుక అంచు దగ్గరకు వచ్చేసరికి ఊపిరి బిగబట్టింది.

ఏమీ లేదు. నీటి మీద చెయ్యి పెట్టినట్లు ఉంది.

తేలికపడవలసిన మనసు తేలికపడలేదు. సాకెట్‌ను వీధి వెలుగుకు ఎత్తి లోపలికి చూసింది. గోడంతా తన చేతి గీతలే, గుండ్రంగా, సన్నగా. వెనుక అంచు దగ్గర మాత్రం రెండు వేళ్ళ వెడల్పున గీతలు అడ్డంగా, ఒకదాన్నొకటి దాటుకొంటూ ఉన్నాయి. అలా అడ్డంగా, అరవంపు ఆకురాయితో, తేలికగా తోసే చెయ్యి ఆ పనిగదిలో ఒక్కటే ఉండేది. ఆ చేతి గీతలను ఆమె పదిహేనేళ్ళు చూసింది. ఆ చెయ్యి పోయి ఎనిమిది నెలలైంది.

ఆమె సాకెట్‌ను తిప్పి మళ్ళీ వెలుగుకు ఎత్తింది.

"ఏమ్మా, ఏమైనా లోపమా?" అన్నది ఇస్త్రీ ఆవిడ, ఒంటికాలితో కూర్చొని, భయంగా.

"లేదండీ. బాగుంది," అన్నది నునుపక్క. "నేను చేసినదానికన్నా బాగుంది."

*

గురువారం మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్ళలేదు. అందరూ వెళ్ళి దీపాలు ఆరిపోయాక అచ్చుల అరల వెనుక నిలబడింది. అరల నిండా సున్నపు కాళ్ళు, తెల్లగా, మోకాళ్ళ వద్ద తెగి, ఒక్కొక్కటీ ఒక మనిషిది. అవతల బల్ల మీద పూర్తయిన సాకెట్లు వరుసగా నోళ్ళు తెరుచుకొని ఉన్నాయి. వచ్చేది ఎవరైనా సరే, అడగవలసినది ఒకటే అనుకొన్నది: సరిదిద్దినది నాది మాత్రమేనా?

ప్యాకింగు గది తలుపు కిర్రుమంది.

నత్త వచ్చాడు. గుండెకు ఆనించుకొని నాలుగు సాకెట్లు మోసుకొని, ఎప్పటిలాగే ఒక్కొక్క అడుగూ ఆలోచించి వేస్తూ, కిటికీ దగ్గరకు వెళ్ళాడు. వాటిని ఎత్తుపీట మీద పెట్టాడు. తాను కూర్చోలేదు, పక్కన నిలబడ్డాడు. ఎడమ చొక్కాచేతిని మూడు మడతలు మడిచి, మొదటి సాకెట్‌లో మణికట్టును దూర్చి కళ్ళు మూసుకొన్నాడు. ఆ ముఖాన్ని నునుపక్క అంతవరకు చూడలేదు. నిద్రపోయే మనిషి ముఖంలా ఉంది. కాని ఎక్కడికో వెళ్ళి వింటున్న ముఖం. తరువాత జేబులోంచి అరవంపు ఆకురాయి తీసి, అడ్డంగా, తేలికగా నాలుగుసార్లు తోసి, ఊది, మళ్ళీ మణికట్టుతో అడిగాడు. చెవి దగ్గర పెట్టుకొన్నాడు.

తట్టు, తట్టు. ఆగాడు. తట్టు.

ఆమె అరల వెనుకనుంచి బయటకు వచ్చింది. అతడు ఉలిక్కిపడలేదు, ఉలిక్కిపడటానికి కూడా అతనికి సమయం కావాలి.

"భోజనం మానేశావేమక్కా?"

"నువ్వెందుకు మానేశావు?"

"తింటాను. ఇంకా మూడున్నాయి."

"ఇది నీ పని కాదు కదా తమ్ముడూ."

"కాదు," అని ఒప్పుకొన్నాడు. "పాదం బిగించి, చుట్టి పంపడమే నా పని. కానీ చుట్టే ముందు ఒకసారి చూడకపోతే ఎలా? ఇందులో ఎవరో కాలు పెడతారు కదా. ఇదివరకు చుట్టేటప్పుడే అయిపోయేది, ఈ నెలలో దిద్దవలసినవి ఎక్కువై ఈ పూట కూడా చాలడం లేదు."

"తప్పు కనబడితే చీటీ రాసి మాకు తిప్పి పంపొచ్చుగా?"

"పంపితే మీకు ఎర్రచుక్క వేస్తారక్కా. బావకి ఆ ఫలకమంటే ఎంత సరదా! వాళ్ళమ్మాయిని తీసుకొచ్చి చూపించుకున్నాడు కూడా. ఎందుకు పాడుచెయ్యడం? నాలుగు తోపుల పని."

ఆ నాలుగు తోపులు భోజనం పూట దాటి అతని పనివేళను కూడా తినేస్తున్నాయని, వాటికే అతని చుక్కలు తరిగిపోతున్నాయని, అందుకే అతడు చివర ఉన్నాడని, ఆమెకు అప్పుడు అర్థమైంది.

"పోయిన గురువారంది..."

"ఇస్త్రీ ఆవిడది," అన్నాడు వెంటనే. అతడు వెంటనే మాట్లాడటం ఆమె ఎరగదు. "నీది అదొక్కటేనక్కా. ఏమిటి, నీకా రోజు ఒంట్లో బాగాలేదా? మిగతావన్నీ నీ చెయ్యి చేసినవే. అది గ్లౌజు చేసింది."

ఆమె తల దించుకొన్నది. అలాగే అడిగింది. "ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. పైగా గోదాముకి పంపేస్తున్నారు. ఎందుకు చేస్తున్నావు?"

నత్త రెండో సాకెట్ అందుకొని మణికట్టును లోపలికి పోనిచ్చాడు.

"ఎందుకేమిటక్కా? చెయ్యకపోతే ఆ పూట అన్నం సహించదు. మేస్త్రి ఉన్నన్నాళ్ళూ ఆయనకి భయపడి చేస్తున్నాననుకున్నా. ఆయన పోయాక ఓ పది రోజులు మానేసి చూశా. అప్పుడు తెలిసింది, భయం కాదని." సాకెట్‌ను తిప్పాడు. "ఇలా చెయ్యి తిప్పుతుంటే ఆ మనిషి నడుస్తున్నట్టే ఉంటుంది. ఇంతకంటే నాకు చెప్పడం రాదు."

"మరి గోదాము?"

"పోతాను. పని పనే." అతని చెయ్యి మొదటిసారి ఆగింది. "అక్కడ కాళ్ళుండవు, అదొక్కటే."

ముంగిలి అవతల భోజనాల గదిలో బెంచీ జరిపిన చప్పుడు వినిపించింది. నునుపక్క ఎడమ చొక్కాచేతిని మడిచి, పీట మీదనుంచి ఒక సాకెట్ అందుకొన్నది. ఆ మధ్యాహ్నం వదిన పరుగున వచ్చి బావ చెవిలో చెప్పింది: ఈసారి చప్పుడు రెండు చోట్లనుంచి వచ్చిందట.

*

సోమవారం ఉదయం పావు తక్కువ తొమ్మిదికి మళ్ళీ అందరూ అదే వరుసలో నిలబడ్డారు. మేనేజరు గారు నునుపక్కను ముందుకు పిలిచారు. రెండు మాటలు చెప్పమన్నారు.

ఆమె చేతిలో సంచి ఉంది. అందులోంచి ఒక సాకెట్ తీసింది.

"సార్, ఇది శనివారం నేనే చేశాను. గ్లౌజు తియ్యకుండా, మణికట్టు పెట్టకుండా. చుక్క కూడా వేసుకున్నాను. మీ గడియారం ఒకసారి తీస్తారా?"

మేనేజరు గారు నవ్వుతూనే గడియారం విప్పి జేబులో వేసుకొన్నారు. ఆమె చెప్పినట్లే చొక్కాచేతిని మడిచి, మణికట్టును లోపలికి పోనిచ్చి తిప్పారు. సగం చుట్టులో ఆగిపోయారు. నవ్వు పోయింది. మళ్ళీ వెనక్కు వెళ్ళి అదే చోటును తాకి చూశారు.

"ఏదో గుచ్చుకుంటోంది. ఏమిటిది?"

"ఒక చుక్క, సార్," అన్నది నునుపక్క.

ఆమె ఫలకం దగ్గరకు వెళ్ళి గోటితో ఆ గురువారం నాటి తన ఆరో చుక్కను గీకింది. అది అంత సులభంగా రాలేదు. కాస్త కాగితం గడిలోనే మిగిలిపోయింది. తరువాత నెల రోజులుగా మధ్యాహ్నం పూట వినిపిస్తున్న చప్పుడు ఎవరిదో చెప్పింది. వదిన నోటిలోని సూది జారి కింద పడింది. గడప మీది మనిషి తన చెప్పుల వైపు చూసుకొంటున్నాడు.

మేనేజరు గారు చాలాసేపు సాకెట్‌లోంచి చెయ్యి తియ్యలేదు. చివరకు అడిగారు, చిన్న గొంతుతో: "దీనికి ఎన్ని చుక్కలు ఇవ్వాలి?"

"వద్దు సార్," అన్నాడు నత్త గాభరాగా. "చుక్కలిస్తే మళ్ళీ లెక్కపెట్టుకోవాలి. దాని బదులు ఇంకో రెండు చేసుకోవచ్చు."

పెద్దమేస్త్రి పోయిననాటి నుంచి తెరవని పనిపుస్తకం కిటికీ గట్టు మీద ఉంది. నునుపక్క దాని దుమ్ము తుడిచింది. ఆదివారమంతా ఇంట్లో రాసి, కొట్టేసి, తిరగరాసుకొన్న కాగితాన్ని చూసి అందులో ఎక్కించింది. ముందు సున్నం బావ సంతకం చేశాడు, కాగితానికి తెల్ల మరక అంటించి, తరువాత వదిన, ఆ తరువాత నునుపక్క. మేనేజరు గారు కలం పట్టుకొని, రాసినదంతా రెండుసార్లు చదివి, ఫలకం వైపు ఒకసారి చూసి, అందరికీ కింద సంతకం చేశారు. గడియారం ఇంకా ఆయన జేబులోనే ఉంది.

పుస్తకంలో ఉన్నది ఇది:

"ఈ పనిగదిలో పనిచేసే మేము తెలియజేయునది. గడచిన నెలలో మా తొందర వలన మేము వదిలివేసిన లోపాలను, ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా, తన భోజన సమయంలో, తన వరుసలోని చుక్కలు పోగొట్టుకొని, ఒకరు సరిదిద్దినారు. ఆ కాళ్ళ మీద నడుస్తున్నవారికి ఈ సంగతి తెలియదు. తెలియవలసిన అవసరం కలగకుండా చేయడమే ఆ పని. ఇన్నాళ్ళూ మేము వారిని వేరొక పేరుతో పిలిచినాము. ఆ పేరును నేటితో వెనక్కు తీసుకొంటున్నాము. ఈ పనిని, పని కోసమే చేసిన మా కొత్త మేస్త్రి గారికి మా కృతజ్ఞతను ఇందులో నమోదు చేస్తున్నాము."